స్కోరు లేని పేరు

 

పిల్లలూ, మీలో చాలామంది పైచదువులకు ఆగస్టుకల్లా అమెరికాలో ఉంటారు. నేను ఇవాళ మాట్లాడేది వాళ్లతో.

ఊళ్లో ఎవరికీ పైసా బాకీ లేమని మా నాన్న గర్వంగా చెప్పుకునేవారు. టెక్సస్‌లో అద్దె ఇంటికోసం అపార్ట్‌మెంట్ ఆఫీసుకు నేనూ ఆ ధీమాతోనే వెళ్లాను. అక్కడి ఉద్యోగిని కంప్యూటర్లో నా పేరు కొట్టి, కాసేపు చూసి, మానిటర్ నావైపు తిప్పింది. క్రెడిట్ స్కోరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. రెండు నెలల అద్దె అదనంగా కట్టమంది. ఆ రాత్రి ఫోన్‌లో "అప్పు చేయలేదు కాబట్టి నన్ను నమ్మడం లేదు నాన్నా" అంటే, ఆయనకు ఎంత చెప్పినా బోధపడలేదు.

ఇక్కడ మీ సిబిల్ స్కోరు 800 ఉన్నా అక్కడి క్రెడిట్ బ్యూరోలైన ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ రికార్డుల్లోకి అది చేరదు. అక్కడ చూసే ఫైకో స్కోరు 300 నుంచి 850 దాకా ఉంటుంది. అది పుట్టాలంటేనే కనీసం ఆరు నెలల వయసున్న క్రెడిట్ ఖాతా ఒకటి కావాలి. క్యాంపస్‌లో ఉద్యోగం దొరికితేనో, పనిచేసే అనుమతి వస్తేనో గానీ సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు. అది లేకున్నా పాస్‌పోర్టు, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 చూసి బ్యాంకు ఖాతా తెరిచే బ్యాంకులు ఉన్నాయి, అడగడానికి మొహమాటపడకండి. తర్వాత సెక్యూర్డ్ క్రెడిట్ కార్డు తీసుకోండి. 200 డాలర్లు డిపాజిట్ చేస్తే సాధారణంగా అంతే లిమిట్ ఇస్తారు. దానిమీద నెలనెలా పాలూ బియ్యమూ కొని, గడువులోగా బిల్లు మొత్తం కట్టేయండి. బిల్లు మీద 'మినిమమ్ డ్యూ' అని చిన్న అంకె కనిపిస్తుంది. అది కట్టి ఊరుకుంటే మిగతాదానికి వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. నెల దాటి ఆలస్యమైన ఒక్క బిల్లు ఏడేళ్లు రికార్డులో ఉండిపోవచ్చు.

వీటన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఇంకొకటి ఉంది. సెమిస్టర్ ఫీజు దగ్గరపడి చేతిలో డబ్బు లేని రోజుల్లో ఎవరో ఒకరు వస్తారు. తెలుగులోనే, ఆప్యాయంగా, "తమ్ముడూ, నీ అకౌంట్లో రెండు రోజులు కొంత డబ్బు ఉంచుతా, తర్వాత నేను చెప్పినచోటికి పంపు, కొంత నువ్వు ఉంచుకో" అంటారు. అది ఎవరినో మోసం చేసి తెచ్చిన డబ్బు కావచ్చు. పోలీసులు వెతికేది ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్లనే. ఖాతా మూతపడుతుంది, కేసు పడుతుంది, వీసా పోవచ్చు. ఎంత ఇబ్బందిలో ఉన్నా మీ ఖాతా ఎవరికీ ఇవ్వకండి. ఇంటికి ఫోన్ చేయండి, సీనియర్లను అడగండి, నన్నడగండి.

వచ్చే ఏడాది మన కాలేజీ జూనియర్ ఒకరు అక్కడ దిగుతారు. ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చి వండిపెట్టడం మనకెవరూ నేర్పక్కర్లేదు. మర్నాడు బ్యాంకుకూ తోడు వెళ్లండి. మొదటి బిల్లు వచ్చినరోజు పక్కన కూర్చుని, ఏ అంకె కట్టాలో చూపించండి.