మొరము బాటలపై సైకిలు యాత్ర



నేటి ప్రసంగ విషయము సైకిలు. పలక, బలపము చేతబట్టి జీవితము గడిపిన వృద్ధ పండితునకు సైకిలుతో నేమి పనియని మీలో కొందరు నవ్వవచ్చును. కొంచె మోపిక పట్టుడు. సైకిలుతో మొదలిడిన మాట మన పొలముల బాటలకడకు వచ్చి నిలుచును.

తారురోడ్లను విడిచి, మొరము బాటలను, చేల గట్లను, కాలువ కట్టలను పట్టి సైకిలుపై దూర ప్రయాణములు చేయు వాడుక పాశ్చాత్య దేశములలో నేడు మిక్కిలి ప్రబలియున్నది. ఇట్టి యాత్రికులు నదీలోయలను ఎక్కువగ కోరుదురు. జర్మనీ దేశమున రైను నదీ లోయయం దట్టి తావు కలదు. బింగెన్, కోబ్లెంజ్ పట్టణముల నడుమ సుమారు 65 కిలోమీటర్ల మేర కొండవాలులపై ద్రాక్షతోటలును, వాని మీదుగ శిఖరములపై పాత దుర్గములును కానవచ్చును. 2002వ సంవత్సరమున యునెస్కో సంస్థ దానిని ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తించెను. ఆ రైను నది యొడ్డుననున్న మాన్‌హైము పట్టణముననే 1817వ సంవత్సరము జూను 12వ తేదీన కార్ల్ డ్రైస్ అనునతడు రెండు చక్రముల కొయ్యబండి నెక్కి, కాళ్లతో నేలను తన్నుచు ఊరు దాటి పోయెను. దానికి పెడలులు లేవు, గొలుసు లేదు. అయినను నేటి సైకిలునకు మూలపురుషుడు అదియే.

అట్టి లోయ మనకు లేదా? కలదు. త్ర్యంబకమున బుట్టి 1465 కిలోమీటర్లు ప్రవహించు గోదావరి మన ఆర్మూరునకు ఉత్తరముగ పోవుచున్నది. ద్రాక్ష కావలెనన్న, ఈ నది పుట్టిన నాసిక ప్రాంతమే మన దేశమున ద్రాక్షతోటలకు పేరొందినది. మనకడకు వచ్చునప్పటికి ద్రాక్ష పోయి పసుపు వచ్చినది. ద్రాక్షాపాకమును మనము కావ్యములలో చదివితిమి. చేలలో చూచునది పసుపు ఆకే. గోదావరి తెలంగాణమున అడుగిడు కందకుర్తియొద్ద మంజీరయు, హరిద్రయు దానిలో కలియుచున్నవి. హరిద్ర యనగా సంస్కృతమున పసుపు. పసుపు పేరు గల యేరు పసుపు పండు సీమలోనే నదీమతల్లిని చేరుట తలచుకొన్న మనస్సునకు ఎంతో హాయి కలుగును. అచట నదీగర్భమున నొక ప్రాచీన శివాలయము కలదు. వానకాలమున నీట మునిగి, నీరు తీసినపుడు మరల కానవచ్చును.

దుర్గములకును కొరత లేదు. ఆర్మూరున సిద్ధులగుట్ట నల్లరాళ్లు దూరమునుండియే కోటగోడలవలె తోచును. నవనాథ సిద్ధులు తపస్సు చేసినందున ఈ యూరికి పూర్వము నవనాథపురమని పేరుండెనని పెద్దలు చెప్పుదురు. ఉత్తరముగ పోయిన బాల్కొండ కోట, అటుపై పోచంపాడు, సోను, గోదావరి దాటిన నిర్మల. ఆర్మూరునుండి నిర్మలకు సుమారు 50 కిలోమీటర్లు. నిర్మలయందు శ్యామ్‌గఢ్, బత్తీస్‌గఢ్ అను కోటలు కలవు. వాని నిర్మాణమున ఫ్రెంచి నిపుణుల చేయి కలదని చరిత్రకారులు చెప్పుదురు. పడమటి దిక్కున ముప్పది కిలోమీటర్ల లోపుననే ఇందూరు కోట. దానిపై రఘునాథాలయము కలదు. ఆ కోట నిజాము ప్రభుత్వ కాలమున కారాగారమైనది. దాశరథి కృష్ణమాచార్యులు అందు బందీయైయుండి, గోడలపై బొగ్గుతో పద్యములు వ్రాసెను. ఆ గోడలను చూచుటకు సైకిలు తొక్కుకొని పోవు బాలునకు ఒక పాఠము పుస్తకము లేకయే వచ్చును.

పోచంపాడు కట్టకు 1963వ సంవత్సరము జూలై 26న ప్రధానమంత్రి నెహ్రూ శంకుస్థాపన చేసెను. నేడది శ్రీరామసాగరము. దానికి 42 గేట్లు. అచటినుండి కాకతీయ, సరస్వతీ, లక్ష్మీ కాలువలు పారుచున్నవి. జలాశయపు వెనుకనీటి యొడ్డున, పచ్చికబయళ్లలో, ఉదయమున కృష్ణజింకలు మేయుచుండును. వేగముగ పోవు మోటారుబండికి అవి కానరావు. సైకిలువానికి కానవచ్చును.

ఇక యంత్రము మాట. మొరము బాటల సైకిలునకు చక్రముల రబ్బరు వెడల్పుగ నుండును. గాలి కొంచెము తక్కువగ నింపుదురు. గట్టిగ నింపిన చక్రము ప్రతి రాతిపైనను ఎగిరిపడును. మెత్తని చక్రము రాతి ఆకారమునకు లొంగి, నేలను పట్టుకొని పోవును. ఎత్తు ఎక్కుటకు తేలికపాటి గేరులు, బురదలో సయితము పట్టు తప్పని బ్రేకులు అమర్తురు. విదేశపు సైకిళ్ల వెల విన్న గుండె ఝల్లుమనును. మన కంత వెల యక్కరలేదు. బిగువైన చట్రము, వెడల్పు టైరు, మంచి బ్రేకు, ఒక గాలిపంపు, పంక్చరు సామాను ఉన్న చాలును.

ఇప్పుడు నేను చెప్పదలచిన ముఖ్యవిషయము. ఈ సైకిలు పోవలసినది ఏ బాటను? మన తాతలు ఎడ్లబండ్లు తోలిన బండ్లబాటను, గ్రామపటమున గీత గల నక్షబాటను. ఆ బాటలు నేడు ఏడాది కేడాది సన్నగిల్లుచున్నవి. ఈ దరివాడు ఒక జాన, ఆ దరివాడు ఒక జాన దున్నుకొనును. పదియేండ్లకు బండి పోవు తావున మనిషి పోవుటయే కష్టమగును. పిమ్మట ముండ్లకంచె, దానిపై తగవు, తగవుపై కోర్టు.

దీనివలన నష్టము సైకిలువానికి కాదు, పసుపు రైతునకు. పసుపు తొలకరిలో నాటి, ఎనిమిది తొమ్మిది నెలలు కాపాడి, పుష్య మాఘములలో త్రవ్వు పంట. అయిదు బండ్ల పచ్చి పసుపు ఉడికి యెండునప్పటికి ఇంచుమించు ఒక బండి యగును. కనుక చేనినుండి కళ్లమునకు మోయవలసిన బరువు బజారునకు చేరు బరువునకు అయిదింతలు. బాట లేని చేనివాడు ఆ బరువును కూలిపై మోయించి, లాభమును దారిలోనే పోగొట్టుకొనును. 2025వ సంవత్సరము జనవరి 14న నిజామాబాదున జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైనది. సంతోషము. బోర్డు ధర మాట చూడవచ్చును. చేని బాట మాట ఊరివారే చూడవలెను.

పటమున గీత యుండును. నేలపై ఆ గీత ఎచట పోవునో చూపగలవాడు వృద్ధుడే. ఏ చింతచెట్టు కుడివైపున, ఏ బావి యెడమవైపున బండి తిరిగెడిదో మీకు తెలియును. మీ తరువాత తెలిసినవాడుండడు. కావున మీరు మనుమలను వెంటగొని, తహసీలు కార్యాలయమున గ్రామపటపు నకలు తీసి, ఒక్కొక్క బాటను నడచి చూపుడు. నడవలేనివారు బండిపై కూర్చుండి చూపుడు. పిల్లలు సైకిళ్లపై ముందు పోవుదురు. వారమున కొక్కమారు పదిమంది పిల్లలు తొక్కిన బాటను దున్నుటకు ఎవనికిని వెంటనే చేయి రాదు. తెలియక దున్నినవానిని ముందుగ పిలిచి, పంచాయతీలో నెమ్మదిగ మాటలాడుడు.

హైదరాబాదు మహానగరమున 2023లో సైకిళ్లకై 23 కిలోమీటర్ల బాటను సౌరఫలకముల కప్పుతో ఎంతో ధనము వెచ్చించి వేసిరి. మనకు తాతలు ఇచ్చిన బాట ఊరూరను ఊరకయే యున్నది. ఉన్నదానిని నిలుపుకొన్న చాలును.

యాత్రకు పోవు పిల్లలకు చెప్పవలసిన హెచ్చరికలు కొన్ని కలవు. మార్గశిర పుష్యములు తగిన కాలము. వైశాఖపు టెండలో పోరాదు. తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ముదురకముందే నీడ చేరవలెను. నీరు వెంట నుండవలెను. ఆరబోసిన పసుపుపైగాని, మొక్కజొన్నపైగాని చక్రము పోనీయరాదు. కట్టకు దిగువ నదిలో దిగరాదు. గేట్లు తెరచినపుడు నీరు క్షణములో పెరుగును. కాలువ అంచున పందెములు వేయరాదు. పాడుపడిన కోటలో గోడ లెక్కరాదు. కోటరాయిని ఇంటికి తెచ్చువానిని, నిధికై రాత్రివేళ గుంతలు త్రవ్వువానిని చూచిన పెద్దలకు చెప్పవలెను. ఒక్కొక్క రాయి పోయి పోయి కోటయే పోవును.

పెద్దలారా! పిల్లవాడు సైకిలు తీసికొని పొలముల వెంట పోయెదనన్న, వ్యర్థకాలక్షేపమని కసరకుడు. తన యూరి బాట ఎటు పోవునో వానికి తెలియుట మంచిది. ఈ శనివారము సాయంకాలము పటపు నకలు తెచ్చి, మీ యరుగుపై పరచుడు. మీరు చూపుడు, వారు పోయి వచ్చెదరు.