కూర్చునే చోటూ కళే

తోటకు వెళితే విగ్రహం ముందు ఆగుతాం, ఫౌంటెన్ దగ్గర ఫొటో దిగుతాం. బెంచీ కనిపిస్తే మాత్రం చూడకుండానే కూర్చుంటాం. ఆ కూర్చునే ఏర్పాటులో ఎంత నేర్పు ఉంటుందో తెలియాలంటే న్యూయార్క్‌లోని బ్రయంట్ పార్కు సంగతి వినాలి.

42వ వీధిలో, నగర గ్రంథాలయ ప్రధాన భవనానికి సరిగ్గా వెనకే ఉందీ తోట. ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1935లో, ఉద్యోగాలు పోయినవాళ్ల కోసం ఇక్కడ చెట్ల కింద పఠనాలయం తెరిచారు. రుసుం లేదు, కార్డు అడగలేదు. ఎంత మంచి ఆలోచన!

1970ల నాటికి అదే తోట మాదకద్రవ్యాలు అమ్మేవాళ్ల అడ్డా అయింది. జనం నడతను గమనించడమే పనిగా పెట్టుకున్న విలియం వైట్‌కు తప్పు తోట కట్టుబడిలోనే కనిపించింది. వీధి కన్నా ఎత్తయిన నేల, చుట్టూ ఇనుప కంచె, గుబురు పొదలు. లోపల ఏం జరుగుతోందో దారిన పోయేవాళ్లకు కనిపించదు. ఉద్యాన శిల్పి లారీ ఓలిన్ పొదలు తీయించి, కొత్త దారులు తెరిపించాడు. 1992లో తోట మళ్లీ తెరిచారు. నేలకు బిగించని, తేలికైన, ఆకుపచ్చని మడత కుర్చీలు వచ్చాయి. పచ్చిక అడుగున, నేలమాళిగలో, గ్రంథాలయం పుస్తకాల అరలు!

కదిలే కుర్చీలో ఏముంది? మనిషి కూర్చోబోయే ముందు కుర్చీని కాస్త జరుపుతాడని వైట్ గమనించాడు. ఎండా నీడా మారకపోయినా సరే, రెండంగుళాలు ఇటు లాగి, ఒక్కోసారి మళ్లీ అక్కడికే తెచ్చి కూర్చుంటాడు. ఆ క్షణానికి ఆ చోటు అతనిది.

బార్సిలోనాలోని పార్క్ గుయెల్‌లో దారి వేరు. అక్కడి బెంచీ కదలదు, పాములా మెలికలు తిరుగుతుంది. వాస్తుశిల్పి జుజోల్ దానికి పగిలిన పింగాణీ పెంకులు అతికించి రంగులద్దాడు. లోపలికి వంగిన మెలికలో నలుగురు ఎదురెదురుగా మాట్లాడుకోవచ్చు. బయటికి ఉబ్బిన చోట ఒంటరిగా పుస్తకం తెరవచ్చు.

మన రావిచెట్టు చుట్టూ కట్టిన రచ్చబండా ఇలాంటి పనితనమే. పొద్దుతోపాటు నీడ జరుగుతుంటే, మనుషులూ దాని వెంటే జరిగి కూర్చుంటారు.

మీ ఊరి శాఖా గ్రంథాలయం పక్కన ఖాళీ జాగా ఉంటే ఒక వేపచెట్టు నాటించండి, చుట్టూ అరుగు కట్టించండి. సిమెంటు బెంచీలే వేయిస్తే, దాత పేరు రాయించే ముందు మధ్యాహ్నం నీడ ఎటు పడుతుందో ఒకసారి చూసి రండి.