దేశాలను పోల్చే ముందు



మనం కూర్చున్న ఈ తెలంగాణ సారస్వత పరిషత్తు భవనం నుంచి కింగ్ కోఠి ప్యాలెస్‌కు నడిచి వెళ్లొచ్చు. ఆ ఇంటి యజమాని బొమ్మను టైమ్ పత్రిక 1937 ఫిబ్రవరి 22 సంచికకు ముఖచిత్రంగా వేసింది. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని రాసింది. ఆయన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. ఆ ఏడాది ఎవరైనా రాజ్యాలన్నిటికీ వరుస సంఖ్యలు వేసి ఉంటే మన హైదరాబాద్‌ను ఎక్కడ నిలబెట్టేవారు? ఖజానా చూసినవాడు అందరికంటే పైన రాసేవాడు. నల్లగొండ జిల్లాలో వెట్టి చేసే ఇంటి గడప తొక్కినవాడు అట్టడుగున రాసేవాడు. 1951 జనగణన నాటికి కూడా హైదరాబాద్ రాష్ట్రంలో చదవను రాయను వచ్చినవాళ్లు నూటికి పదిమంది లేరు.

అదే జనగణనలో తిరువాన్కూరు-కొచ్చిన్ సంగతి చూడండి. అక్కడా రాజులే పాలించారు, వాళ్లకు మన నిజాం పాటి వజ్రాలు లేవు. అయినా నూటికి నలభైమందికి పైగా అక్షరాలు వచ్చు. చదువు ఖర్చు సర్కారే భరించాలని తిరువాన్కూరు రాణి గౌరీ పార్వతీబాయి 1817లోనే ఉత్తరువిచ్చింది. దాని ఫలం ఇవాళ్టికీ కనిపిస్తోంది. 2023 నమూనా నమోదు లెక్కల ప్రకారం పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో ఏడాది నిండకుండా పోతున్నవారు దేశం మొత్తం మీద 25 మంది, కేరళలో ఐదుగురు. అమెరికాలో కూడా ఐదుగురి కంటే కొంచెం ఎక్కువే. తలసరి ఆదాయంలో అమెరికా ఎక్కడ, కేరళ ఎక్కడ!

నేను ఈ సాయంత్రం చెప్పదలచుకున్నది ఈ ఒక్క విషయమే. ఒక దేశాన్ని మరో దేశంతో పోల్చేటప్పుడు అక్కడ అందరికంటే కిందనున్న మనిషి ఎలా బతుకుతున్నాడో అడగండి. మొత్తం ఎంత, సగటు ఎంత అనే ప్రశ్నలు ఆ తరవాతే.

జాతీయాదాయం లెక్కకు రూపమిచ్చిన సైమన్ కుజ్నెట్స్ ఈ హెచ్చరిక చేయకపోలేదు. 1934లో అమెరికా కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదికలోనే, ఈ అంకెను బట్టి ప్రజల క్షేమాన్ని అంచనా కట్టడం కుదరదని ఆయన రాశారు. మన దాదాభాయి నౌరోజీ ఇంకా ముందే నడిచారు. భారతీయుడి సగటు ఆదాయం ఏడాదికి ఇరవై రూపాయలని లెక్కగట్టి ఊరుకోలేదు, జైల్లో ఖైదీ తిండికీ బట్టకూ సర్కారు పెట్టే ఖర్చును దాని పక్కన పెట్టి చూపించారు. ఖైదీకి దక్కేపాటి కూడా బయట రైతుకు దక్కడం లేదని తేలింది. అంతకంటే నిజాయితీ గల పోలిక నాకు మరొకటి తెలియదు.

సగటు ఎంత మోసం చేయగలదో ఐర్లండ్‌లో 2015లో తేలింది. ఆ ఒక్క ఏడాదే ఆ దేశపు ఆర్థిక వ్యవస్థ 26 శాతం పెరిగినట్టు లెక్క వచ్చింది. పెద్ద పెద్ద బహుళజాతి కంపెనీలు తమ ఆస్తులను కాగితాల మీద అక్కడికి మార్చుకున్నాయి, అంతే. డబ్లిన్‌లో జీతగాడి ఇంట్లో ఆ పెరుగుదల జాడ లేదు. చివరికి ఆ దేశపు గణాంక శాఖే వేరే కొలమానం తయారుచేసుకోవలసి వచ్చింది.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే గల్ఫ్‌కు మనుషుల్ని పంపే జగిత్యాలలోనో సిరిసిల్లలోనో ఏ వాడకైనా వెళ్లండి. ఖతర్ తలసరి ఆదాయంలో ప్రపంచంలో ముందు వరుసలో ఉంటుంది. అక్కడి జనాభాలో నూటికి ఎనభైమందికి పైగా బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లే. మేడలు కట్టింది, రోడ్లు వేసింది ఎక్కువగా వాళ్లే. వాళ్లలో మన గల్ఫ్ కార్మికులున్నారు, ఎండకు కుప్పకూలి పెట్టెలో తిరిగొచ్చిన మన బిడ్డలున్నారు. ఆ దేశపు సగటు లెక్కలో వాళ్లూ ఒక తలే. కానీ ఆ సగటు ఆదాయం వాళ్ల చేతికి రాలేదు.

అందుకే 1990లో పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్, అమర్త్యసేన్ తోడ్పాటుతో, మానవాభివృద్ధి సూచిక తెచ్చారు. ఆదాయంతో పాటు ఆయుష్షు, చదువు కూడా చూడమన్నారు. ఆ సూచిక 2025 నివేదికలో 193 దేశాల్లో మనది 130వ స్థానం. బంగ్లాదేశ్‌దీ అదే స్థానం. ఆదాయంలో వాళ్ల కంటే మనం కొద్దిగా మెరుగు, ఆయుష్షులో వాళ్లే మన కంటే రెండేళ్లకు పైగా ముందున్నారు. శ్రీలంక 89వ స్థానంలో ఉంది, అదీ దివాలా తీసి రోడ్డెక్కిన తరవాత. ఈ మాట చెబితే కొందరికి కోపం వస్తుంది. కోపం దేనికి? పక్కింటివాడు బిడ్డను బతికించుకునే ఉపాయం కనిపెడితే వెళ్లి నేర్చుకోవాలి.

అమెరికాలో పిల్లల దగ్గర కొన్ని నెలలుండి వచ్చిన పెద్దలు ఇక్కడ చాలామంది ఉన్నారు. రోడ్లు, గాలి, వరుసలో నిలబడే మర్యాద మెచ్చుకుంటారు, మెచ్చుకోవలసినవే. మధ్యాహ్నం మాట్లాడే మనిషి లేడనీ, కారు లేకపోతే గడప దాటలేమనీ, జబ్బు చేస్తే బిల్లు తలచుకుని భయమేసిందనీ కూడా వాళ్లే చెబుతారు. వైద్యం మీద తన ఉత్పత్తిలో ఆరో వంతుకు పైగా ఖర్చుపెట్టే అమెరికా కంటే, 1948లో సైన్యాన్నే రద్దుచేసుకున్న చిన్న కోస్టారికాలో మనుషులు ఎక్కువ కాలం బతుకుతున్నారు.

ఇక సంస్కృతి. ఏ దేశపు సంగీతం గొప్పదని మార్కులు వేయడం నాకు ఇష్టం లేదు. కానీ ఒకటి మాత్రం కొలవొచ్చు: పాలకుల భాష కాని భాషను ఆ దేశం ఎలా చూస్తుంది? ఫిన్లండ్‌లో స్వీడిష్ మాట్లాడేవాళ్లు నూటికి ఐదుగురే, అయినా అది ఫిన్నిష్‌తో సమానంగా జాతీయ భాష. ఈ పరిషత్తు 1943లో ఎందుకు పుట్టిందో గుర్తుచేసుకోండి. ఇంటి భాషలో చదువుకునే దారి లేని రాజ్యంలో తెలుగు పరీక్షలు పెట్టి, విశారద పరీక్ష దాకా చదివించడానికి. అంతటి సంపన్న రాజ్యంలో ఆ పని చందాలు పోగుచేసుకుని చేయాల్సి వచ్చింది. ఈ రోజు నన్ను నేనే అడుగుతున్నాను: గోండి, కోయ మాట్లాడే పిల్లవాడు మన బళ్లలో ఏ భాషలో మొదటి అక్షరం దిద్దుతున్నాడు?

ఇక మన ఊరి సంగతి. నాంపల్లిలో ఏటా జరిగే ప్రదర్శన నుమాయిష్‌కు మీరంతా వెళ్తారు. 1938లో ఉస్మానియా పట్టభద్రులు దాన్ని రెండున్నర రూపాయల పెట్టుబడితో మొదలుపెట్టారు. దుకాణాల కోసమే కాదు, రాజ్యంలో ప్రజల ఆర్థిక స్థితిగతులను సర్వే చేయడానికి డబ్బు కావాలి, అందుకు కూడా. ప్రపంచ ధనవంతుడి రాజధానిలో కుర్రవాళ్లకు ఆ ఆలోచన రావడం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. అదే నగరంలో, తన ఇంటి పనిమనిషి ప్రసవంలో చనిపోతే తట్టుకోలేక నిజాం కోడలు రాకుమారి నీలోఫర్ ఆసుపత్రి కోసం పట్టుబట్టింది. రెడ్‌హిల్స్‌లో ఆమె పేరిట ఇప్పటికీ పిల్లలకు వైద్యం జరుగుతోంది. 2018–20లో ప్రతి లక్ష కాన్పులకూ మన రాష్ట్రంలో పోయిన తల్లులు 43 మంది, దేశంలో 97, కేరళలో 19. ఆ 43ను 19కి తేవడం నార్వే అంత ధనం ఉంటే తప్ప జరగని పని కాదు.

ఆర్థికశాస్త్రం చదివే పిల్లలు ఈ సభలో ఉన్నారు కాబట్టి ఒక పని అడుగుతాను. నాంపల్లి, మల్లేపల్లి, ఆగాపురా బస్తీల్లో ఇల్లిల్లూ తిరుగుదాం. పుట్టిన బిడ్డ మొదటి పుట్టినరోజు చూసిందా? నల్లా నీళ్లు ఎన్నాళ్లకోసారి వస్తున్నాయి? ఇంట్లో ఆడమనిషి చేతికి సొంత సంపాదన ఉందా? ఆసుపత్రి ఖర్చుకు అప్పు చేశారా? అమ్మాయి ఏ తరగతిలో బడి మానింది? ఈ జవాబులు మన చేతిలో ఉన్నాక శ్రీలంకతోనూ కోస్టారికాతోనూ పోల్చుకుందాం. ప్రశ్నపత్రం రాయడానికి ముందుకొచ్చేవాళ్లు సభ అయ్యాక వేదిక దగ్గర పేర్లివ్వండి. మొదటి పేరు నాది రాసుకోండి.