పసివారికి మొదటి బడి



సంఘనిధితో శిశువుల కొక యాంగ్లపాఠశాల నెలకొల్పవలెనని నేఁటి సభ యెదుట నొక ప్రతిపాదన గలదు. అందుఁ దెలుఁగుమాట వినఁబడరాదఁట! ముప్పదియేండ్లు బడిపంతులునైనవాఁడను గావున నించుక మనవి చేసెదను.

భాషలో ముంచి నేర్పుట తప్పుగాదు. న్యూజీలాండులో మావోరీభాష యడుగంటుచుండఁగా 1982వ సంవత్సరమున నచ్చటివారు ‘కొహంగ రెఓ’ యను శిశుశాలలను దెఱచిరి. ‘భాషాగూడు’ అని దాని యర్థము. అవ్వలును దాతలును అందుఁ బసివారితో మావోరీలోనే మాటలాడుదురు. అది యింటిభాషను నిలుపుకొనుట. మనమో, అవ్వకు రాని భాషలో మనుమని ముంచఁజూచుచున్నాము.

ఈ తప్పు నేనును జేసితిని. మా మనుమని మూఁడవయేట నట్టిబడికే నాలుగుమైళ్లు బండిలోఁ బంపితిమి. ఇంట గలగలలాడువాఁడు అచ్చట నెలలతరబడి నోరు మెదపలేదు. దాహమైనను అడుగుటకు మాట తెలియక యిల్లు చేరువఱకు నోర్చుకొనెడివాఁడు. పిమ్మట వీధిబడిలోఁ జేర్చితిమి. మూఁడవనాఁడే ప్రశ్నలతో విసిగించుచున్నాఁడని పంతులమ్మ మొఱపెట్టుకొనెను. నా సంతోష మింతంత గాదు.

ఆంగ్లము వలదనను. చదువ నేర్చిన పిమ్మట నది సులభముగ వచ్చును. 2020 నాఁటి జాతీయవిద్యావిధానమును వీలైనచోట నయిదవ తరగతిదాఁక నింటిభాషనే బోధింపుమనుచున్నది.

వీధిబడిలో నెల్లకులములవారి పిల్లలు నుందురుగదా యని కొందఱు సణుగుదురు. ఉండనిండు. వానకుఁ గాఱుచున్న యా కప్పునకై నా పింఛనునుండి వేయిరూపాయలు కార్యదర్శిగారి కీయుదయమే యిచ్చితిని.