మేస్త్రీ ఇంటి విద్య – సివిల్ ఇంజనీరింగు పాఠం



సివిల్ ఇంజనీరింగులో ఏమేమి చదువుతారో, ఆ చదువు మన పిల్లలకు అందుతుందో లేదో చెప్పవలసినదిగా నిర్వాహకులు మమ్మల్ని కోరారు. మొదటి ప్రశ్నకు జవాబు పాలిటెక్నిక్కు పాఠ్యప్రణాళికలోనే ఉన్నది. సర్వేయింగు, మెకానిక్స్, పదార్థాల బలం, నిర్మాణ సామగ్రి, కాంక్రీటు, హైడ్రాలిక్స్, రోడ్లు, నీటి సరఫరా, మురుగు పారుదల, ఎస్టిమేషన్, వీటన్నింటికీ తోడు గణితం, డ్రాయింగు. రెండవ ప్రశ్నకే మేము ఎక్కువ సమయం తీసుకుంటాము.

వెనుకబడిన తరగతుల ‘ఇ’ జాబితాను ఒకసారి చదవండి. తురక కాశలు, పత్తర్ ఫోడులు, రోళ్లకు కక్కు కొట్టేవారు. ఇవన్నీ రాతిపనితో బతికినవారి పేర్లు. నేడు మన బస్తీలలో ఏ తలుపు తట్టినా తాపీ మేస్త్రీయో, సెంట్రింగు పనివాడో, కడ్డీలు వంచేవాడో ఎదురవుతాడు. ఇంత పనితనం ఉన్న ఇళ్లలో ఇంజనీరు ఎందుకు అరుదయ్యాడు? నిజాంసాగర్ నిర్మాణాన్ని నడిపిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ పుట్టినరోజైన జులై 11న తెలంగాణలో ఇంజనీర్ల దినం జరుపుతున్నారు. ఆ పేరు వింటే మనకూ గర్వమే. అయితే గర్వం ఒక్క లెక్కను కూడా చేసిపెట్టదు.

మేము కొంతకాలంగా పాలిటెక్నిక్కు విద్యార్థులకు సాయంకాలపు తరగతులు నడుపుతున్నాము. వారిలో ఒక పిల్లవాడు పదార్థాల బలం అనే పేపరులో రెండుసార్లు తప్పాడు. తండ్రి రాడ్ బెండింగు మేస్త్రీ. కొడుకును చదువు మాన్పించి పనిలో పెట్టుకుంటానని చెప్పడానికి ఆయన ఒకనాడు వచ్చారు. ఆ సమయానికి నల్లబల్ల మీద ఒక సజ్జా బొమ్మ ఉన్నది. ఒక కొస గోడలో ఇమిడి, రెండవ కొస గాలిలో ఉన్న సజ్జా. కడ్డీ పైన వేయాలా, కింద వేయాలా అని అడిగితే తరగతిలో ఎవరూ పలుకలేదు. వాకిట్లో నిలబడిన తండ్రి మాత్రం, “పైనే గదా సార్! కిందేస్తే సెంట్రింగు విప్పిన రోజే పడిపోతుంది” అన్నారు.

ఆ జవాబులో ఒక అధ్యాయం మొత్తం ఉన్నది. బరువుకు సజ్జా కిందికి వంగినప్పుడు దాని పైభాగం సాగుతుంది, కిందిభాగం నలుగుతుంది. కాంక్రీటు నలుగుడును ఓర్చుకుంటుంది కాని సాగుడును ఓర్చుకోలేదు. అందుచేత సాగేచోట ఇనుము ఉండాలి. రెండు గోడల మీద ఆనిన దూలంలో నడుమ సాగేది అడుగుభాగం గనుక అక్కడ కడ్డీ కిందికి దిగుతుంది. దీనినే పుస్తకం బెండింగ్ మూమెంట్ అన్నది. సమానంగా బరువు పరచిన అటువంటి దూలానికి సూత్రం డబ్ల్యు ఎల్ స్క్వేర్ బై 8. గోడల మధ్య దూరం రెట్టింపైతే వంపు ప్రభావం నాలుగింతలవుతుందని దాని తాత్పర్యం. కాంక్రీటు పోసేటప్పుడు కూలీల కాళ్ల కింద సజ్జా కడ్డీలు అణగిపోతే ఏమవుతుందో ఆ తండ్రి కళ్లారా చూశారు. కొడుకు చూసినది సూత్రాన్ని మాత్రమే. ఆ రోజు నుండి ఆయన వారానికొకసారి మా తరగతికి వస్తున్నారు. కొడుకు మూడవసారి ఆ పేపరు గట్టెక్కాడు.

ఇటువంటి పాఠాలు ఇంకా ఉన్నాయి. మేస్త్రీ 3, 4, 5 అడుగులు కొలిచి మూల కలుపుతాడు. అది పైథాగరస్ సిద్ధాంతం. కడ్డీ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకొని, వర్గం చేసి, 162తో భాగిస్తే మీటరు బరువు కిలోలలో వస్తుంది. 12 మిల్లీమీటర్ల కడ్డీకి ఇది సుమారు 0.89. ఈ 162 ఎక్కడినుండి వచ్చిందని అడిగితే మేస్త్రీ చెప్పలేడు. ఇనుము సాంద్రత తెలిసిన విద్యార్థి రెండు వరుసలలో రాబట్టగలడు. మేస్త్రీని సైటులోనే ఉంచి ఇంజనీరును ఆఫీసులో కూర్చోబెట్టేది ఆ రెండు వరుసలే.

మన పిల్లలు తడబడేది మొదటి సంవత్సరంలో, గణితం వద్ద, ఇంగ్లీషు వద్ద. ఉర్దూ మాధ్యమంలో పది చదివినవారికి కష్టం ఇంకా ఎక్కువ. ఉర్దూ బోధనా భాషగా 1918లో ఆరంభమైన ఉస్మానియాకు 1929లోనే ఇంజనీరింగు కళాశాల ఉండేదని వారికి చెబుతాము. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయపు పాలిటెక్నిక్కులో నేడూ సివిల్ డిప్లొమా ఉన్నది.

ఈ చదువు ఉద్యోగం కోసమే అనుకోకండి. మా బస్తీలో ఒక మురుగుకాలువ కట్టారు. తొలి వానకే నీరు వెనుకకు మళ్లి ఇళ్లలోకి వచ్చింది. మా విద్యార్థులు నీళ్లు నింపిన గొట్టంతో మట్టాలు తీశారు. 100 అడుగులకు 6 అంగుళాలు దిగవలసిన కాలువ అడుగు, నడిమధ్యలో మొదటికంటే 2 అంగుళాలు ఎత్తున ఉన్నది. ఫిర్యాదు చేస్తే, “చెత్త వేసేది మీరే కదా” అన్నారు. సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 2(జె) ప్రకారం పౌరుడు జరిగిన పనిని తనిఖీ చేయవచ్చు, రికార్డు నకళ్లు పొందవచ్చు, వాడిన సామగ్రి నమూనాలను ధ్రువీకరణతో తీసుకోవచ్చు. ఆ సెక్షన్ పేరుతో ఎస్టిమేటును, ఎం.బుక్కును అడిగాము. 30 రోజుల గడువు దాటింది. మొదటి అప్పీలు తరువాతనే నకలు చేతికి వచ్చింది. అందులో అడుగు కాంక్రీటు మందం 15 సెంటీమీటర్లని రాసి ఉన్నది. పగిలిన చోట పిల్లలు కొలిస్తే 9. ఎస్టిమేషన్ పేపరు చదివిన పిల్లవాడు లేకపోతే ఆ నకలు మాకు చిత్తుకాగితమే అయ్యేది. ఇప్పుడు సగం వీధికి కాలువ తిరిగి కట్టారు. మిగతా సగం కోసం అర్జీ నడుస్తున్నది.

ఇక ప్రవేశాల సంగతి. పది తరువాత పాలిసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా. అది ముగించి ఈసెట్ రాస్తే బి.టెక్ రెండవ సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. ‘ఇ’ వర్గానికి 2007 చట్టం ఇచ్చిన 4 శాతం రిజర్వేషను హైకోర్టు తీర్పుతో ఆగి, 2010లో సుప్రీం కోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగుతున్నది. కుల ధ్రువపత్రాన్ని కౌన్సెలింగు నాటికి కాక, ఇప్పుడే తీసుకోండి. ఏటా మేము చూసే కన్నీళ్లలో సగం ఆ కాగితం కోసమే. ఆడపిల్లలు ఎండలో సర్వే ఎలా చేస్తారని అడిగే తల్లులకు ఒక మాట: డిజైను, ఎస్టిమేషన్, పరీక్షశాల కూడా ఈ శాఖలోనివే. అయినా మా తరగతిలో లెవెలింగులో చేయి తిరిగినది ఒక అమ్మాయికే.

పాలిసెట్ రాసేవారికి గణితం తరగతులు ఈ సభ ముగిసిన తరువాత వచ్చే ఆదివారం మొదలవుతాయి. పిల్లలతోపాటు మేస్త్రీ పని తెలిసిన తండ్రులు కూడా రావలసినదిగా కోరుతున్నాము. నల్లబల్ల మీద బొమ్మ మేము వేస్తాము, కడ్డీ ఎక్కడ వేయాలో వారు చెబుతారు.