పేపర్లో పడ్డది నిజమేనా?

(స్త్రీ కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఒకప్పుడు మన కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో "పేపర్ల పడ్డది" అంటే సాక్ష్యంతో సమానం. ఇవ్వాళ అదే మాట వింటే కేసు పెట్టిన ఆడవాళ్ళు భయపడుతున్నారు. దీన్ని గురించి రెండు పేర్లతో మాట్లాడతాను. సమత, దిశ. రెండూ సొంత పేర్లు కావు. అసలు పేర్లు బయటపడకుండా పోలీసులు పెట్టినవి.

2019 నవంబర్ 24న కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో, అంటే మన పాత ఆదిలాబాద్‌లో, ఊరూరా తిరిగి సామాన్లు అమ్ముకునే ఒక దళిత స్త్రీపై ముగ్గురు అత్యాచారం చేసి చంపేశారు. మూడు రోజులకు, 27 రాత్రి, హైదరాబాద్ శివార్లలో ఒక పశువైద్యురాలికి అదే గతి పట్టింది. రెండవ సంఘటన దేశమంతా మారుమోగింది, మారుమోగవలసిందే. మొదటిది మాత్రం దళిత సంఘాలు రోడ్డెక్కి అడిగేదాకా దాదాపుగా జిల్లా పేజీల్లోనే ఉండిపోయింది. పాఠకులకు ఏది ఆసక్తో అదే ఇస్తామని పత్రికల వాళ్ళు అంటారు. గంప నెత్తిన పెట్టుకుని నడిచే స్త్రీ మీద ఆసక్తి లేదని ఏ పాఠకుడు చెప్పాడో తెలియదు.

పోనీ, ప్రచారం దొరికిన స్త్రీకైనా గౌరవం దక్కిందా? ఆమె అసలు పేరు, ఫొటో చానళ్ళలో తిరిగాయి. బాధితురాలిని గుర్తుపట్టే వివరాలు ప్రచురించడం నేరమని ఐపీసీ 228ఎ చెప్పింది. మరణించిన స్త్రీకి కూడా ఇది వర్తిస్తుందని 2018 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే తీర్పు వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. (2024 జూలై నుంచి ఇదే నియమం భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్‌గా ఉంది.)

డిసెంబర్ 6 తెల్లవారుజామున నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపారు. ఆయుధాలు లాక్కొని పారిపోబోయారన్నది పోలీసుల కథనం. చానళ్ళు దాన్ని పండుగ చేశాయి, పోలీసుల మీద పూలు చల్లడం పదే పదే చూపించాయి. ఆ రోజే హైకోర్టు తలుపు తట్టిన వాళ్ళలో స్త్రీ సంఘాల కార్యకర్తలున్నారు. వాళ్ళు అత్యాచారం చేసినవాళ్ళ పక్షమని తిట్లు తిన్నారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపే ఉద్దేశంతోనే కాల్చారని, పోలీసుల కథనం నమ్మదగింది కాదని అందులో ఉంది. పూలు చూపించినన్నిసార్లు ఆ నివేదికను చూపించిన చానల్ మీకు గుర్తుందా?

సమత కేసు ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టులో నడిచింది. సాక్షుల విచారణ జరిగి 2020 జనవరి 30న ముగ్గురికీ ఉరిశిక్ష పడింది. ఉరిశిక్ష మీద మనలో భిన్నాభిప్రాయాలున్నాయి, అది వేరే చర్చ. తుపాకీ లేకుండా రెండు నెలల్లో విచారణ జరగవచ్చునన్న సంగతి మన జిల్లా నుంచే వచ్చింది. దానిమీద ఎన్ని సంపాదకీయాలు వచ్చాయి?

పోలీసుల ప్రకటనే వార్తగా అచ్చు కావడం మనకు కొత్త కాదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద కాల్పులు జరిగినప్పుడు ప్రభుత్వం చెప్పిన మృతుల సంఖ్య 13. పౌరహక్కుల సంఘాలు చెప్పింది దానికి ఎన్నో రెట్లు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మన అడవుల్లో జరిగిన ప్రతి ఎన్‌కౌంటర్ వార్తా ఒకే అచ్చులో పోసినట్లుండేది. తేదీ, ఊరు మారేవి, అంతే.

ఇక చిన్న వార్తలు. కోడలు కాలి చస్తే "కడుపునొప్పి భరించలేక". భార్యను నరికితే "వివాహేతర సంబంధమే కారణమా?" ఆ ప్రశ్నార్థకం చాటున ఏదైనా రాయవచ్చు. చనిపోయినామె జవాబు చెప్పలేదు కదా. ఇందులో మండల విలేకరిని ఒక్కణ్ణే అనలేం. చాలామందికి జీతం లేదు, అచ్చయిన వార్తకింత అని లెక్క, పైగా ప్రకటనలు తెచ్చే బాధ్యత. స్టేషన్లో దొరికిన మాటే రాయడం అతనికి సులువు. 1992లో దూబగుంట స్త్రీల సారా పోరాటాన్ని ఊరూరికీ చేర్చింది కూడా ఈ పత్రికలే, ఇట్లాంటి విలేకరులే.

కాబట్టి ప్రతి సంఘంలో ఒకరు క్లిప్పింగులు కత్తిరించి, పేపరు పేరు, తేదీ వేసి దాచాలి. తప్పుడు వార్త వస్తే ముందు సంపాదకునికి రాతపూర్వకంగా రాయాలి, నకలు ఉంచుకోవాలి. దిద్దకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు పంపాలి. దినపత్రికైతే వార్త వచ్చిన రెండు నెలల్లోపే పంపాలి. అది మందలించగలదు, శిక్షించలేదు. టీవీ చానళ్ళు దాని పరిధిలోకే రావు. బాధితురాలి పేరు బయటపెడితే మాత్రం నేరుగా పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆ ఫిర్యాదులో ఆమె పేరు మళ్ళీ నలుగురి కంటపడకుండా రాయడం ఎట్లాగో మధ్యాహ్నం కూర్చుని నేర్చుకుందాం.