చెవితో విని కొనే సరుకు, మధ్యలో డీలరు

(బిలాస్‌పూర్ ప్రాంత శాఖల తెలుగు సిబ్బంది నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ నెల మాట్లాడమని నన్ను అడిగినప్పుడు రుణ వసూళ్ల గురించి చెబుతానని చాలామంది అనుకున్నారు. నేను మాత్రం స్పీకర్ల గురించి చెప్పబోతున్నాను. వసూళ్లు వాటంతటవే అందులోకి వస్తాయి.

విషయం ఇది. పాటలు వినడానికి మేలురకం సెట్లు, అంటే యాంప్లిఫయర్లు, పెద్ద స్పీకర్లు తయారుచేసే కంపెనీ ఒకటి ఉంది. ఏళ్ల తరబడి ఊరూరా డీలర్లను పెట్టుకుని అమ్మింది. ఒక రోజు, "ఇకమీదట కొనేవాళ్లకు నేరుగా మేమే అమ్ముతాం" అంది. అప్పుడు ఎవరికి లాభం? ఎవరికి నష్టం? ఆ డీలరుకు అప్పిచ్చిన మన శాఖ సంగతేమిటి?

ముందుగా ఒక మాట. డైరెక్ట్ సెల్లింగ్ అనగానే మనలో కొందరికి గొలుసుకట్టు పథకాలు గుర్తొస్తాయి. 2021 డిసెంబరులో వచ్చిన వినియోగదారుల రక్షణ నియమాలు వర్తించేది మనుషుల నెట్‌వర్కు ద్వారా ఇంటింటికీ అమ్మే సంస్థలకు. నేను చెప్పేది అది కాదు. తయారీదారుడు తన వెబ్‌సైటులో ఆర్డరు తీసుకుని, తన గిడ్డంగి నుంచి ఇంటికి పంపడం. మన రైతుబజారు లాంటిదే. 1999 జనవరి 26న ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు మొదలైనప్పుడు ఉద్దేశం ఇదే: దళారీ లేకుండా పండించినవాడూ తినేవాడూ ఎదురెదురుగా నిలబడాలి. అయితే వంకాయ చూసి కొంటాం, స్పీకరు విని కొంటాం. తేడా అంతా అక్కడే ఉంది.

డీలరు అమ్మేది పెట్టె ఒక్కటే కాదు

మన ఊరి సంగతే తీసుకోండి. బెంగాల్ నాగపూర్ రైల్వే వల్ల జంక్షనైన ఊరు ఇది. 1931లో రాయ్‌పూర్, విజయనగరం లైను పూర్తయ్యాక ఉత్తరాంధ్రకు దారి ఇంకా దగ్గరైంది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే కేంద్రమైంది. ఆ రైళ్ల వెంట వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. రైల్వే ఉద్యోగికి జీతం నెల మొదట్లో వస్తుంది. బదిలీ ఎప్పుడు వస్తుందో తెలియదు. ఇలాంటి ఊళ్లో రేడియో, టేపు రికార్డరు, తర్వాత స్టీరియో సెట్టు అమ్మిన కొట్టువాడు వాయిదాల మీద ఇచ్చాడు, ఇంటికొచ్చి బిగించాడు, ఎండాకాలం వోల్టేజీ ఎగిరి సెట్టు కాలితే బాగుచేయించాడు, పాత సెట్టు తీసుకుని కొత్తదాని ధరలో తగ్గించాడు. కొనేముందు గంటసేపు కూర్చోబెట్టి పాటలు వినిపించాడు.

ఇన్ని పనులకూ కలిపి అతనికి దక్కేది డీలరు మార్జిను. దాన్ని మధ్యవర్తి లాభం అని ఒక్క మాటలో తేల్చేయడం తేలికే. కాని డీలరును తీసేసినంత మాత్రాన ఆ పనులు పోవు, వేరేవాళ్ల నెత్తిన పడతాయి.

ఒక లెక్క వేద్దాం. వీటిని లెక్క కోసం పెట్టుకున్న అంకెలుగానే తీసుకోండి. పెట్టె మీద ధర 100 రూపాయలు. కంపెనీ డీలరుకు 70కి ఇస్తుంది. డీలరు బేరమాడినవాడికి 95కి ఇస్తాడు. నేరుగా అమ్మే రోజున కంపెనీ తన వెబ్‌సైటులో ధర 80 పెడుతుంది. కొనేవాడికి 15 మిగిలింది. కంపెనీకి 70 బదులు 80 వచ్చింది. అందరూ సంతోషించాల్సిందే. అయితే కంపెనీకి అదనంగా వచ్చిన ఆ 10లోంచే రవాణా, ప్రకటనలు, ఫోనులో సమాధానం చెప్పే సిబ్బంది, నచ్చలేదని వెనక్కి వచ్చే సరుకు ఖర్చు భరించాలి. పాతిక కిలోల స్పీకరు జత వచ్చిపోవడానికి రెండువైపులా కిరాయి పెట్టి చూడండి, ఆ 10 ఎంత త్వరగా కరుగుతుందో తెలుస్తుంది.

లోకంలో ఏం జరిగింది

ఈ దారిలో ముందు నడిచినవాళ్లలో అమెరికావాడు హెన్రీ క్లోస్ ఒకరు. 1954లో ఎడ్గార్ విల్చర్‌తో కలిసి అకౌస్టిక్ రీసెర్చ్ అనే కంపెనీ పెట్టారు. గాలి చొరబడని చిన్న పెట్టెలోంచి లోతైన ధ్వని రప్పించిన స్పీకర్లు వాళ్లవి. 1957లో కేఎల్‌హెచ్, 1967లో అడ్వెంట్ కూడా ఆయన పెట్టినవే. అవన్నీ కొట్లలో అమ్మిన సరుకులు. 1988లో టామ్ డెవెస్టోతో కలిసి కేంబ్రిడ్జ్ సౌండ్‌వర్క్స్ మొదలుపెట్టినప్పుడు మాత్రం కొట్లను వదిలేశారు. ఫోను చేస్తే, ఉత్తరం రాస్తే ఫ్యాక్టరీ నుంచి సెట్టు నేరుగా ఇంటికి వచ్చేది. ఇంట్లో పెట్టుకుని కొన్నాళ్లు వినండి, నచ్చకపోతే వెనక్కి పంపండి, డబ్బు తిరిగి ఇస్తాం అన్నారు. అంటే డీలరు కొట్లో ఉన్న డెమో గదిని కొనేవాడి ఇంట్లోకే తీసుకుపోయారు.

తర్వాత జరిగింది గమనించండి. అదే కంపెనీ కొన్నేళ్లకు సొంతంగా దుకాణాలు తెరిచింది. 1997లో సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ సంస్థ దాన్ని కొనుక్కుంది. 2000లో డెవెస్టో టివోలీ ఆడియో పెట్టి, క్లోస్ రూపొందించిన చిన్న రేడియోను తీసుకొచ్చినప్పుడు అది మళ్లీ కొట్లలోకి వెళ్లింది. ఒకే మనిషి సరుకు కొట్టు నుంచి ఇంటికి, ఇంటి నుంచి మళ్లీ కొట్టుకు తిరిగింది.

బోస్ కంపెనీ కథ ఇంకోరకం. దాని స్థాపకుడు అమర్ బోస్ తండ్రి కలకత్తా నుంచి అమెరికా వెళ్లినవారు. 1993లో బోస్ తన మొదటి సొంత దుకాణం తెరిచింది. 2020 జనవరిలో ఉత్తర అమెరికా, ఐరోపా, జపాన్, ఆస్ట్రేలియాల్లో 119 దుకాణాలు మూసేస్తున్నట్టు ప్రకటించింది. జనం ఆన్‌లైన్‌లో కొంటున్నారన్నది కారణం. అప్పుడే చైనా, భారత్ వంటి చోట్ల మాత్రం దుకాణాలు ఉంచింది. మనవాళ్లు ఇంకా విని, పట్టుకుని చూసి కొంటున్నారని ఆ కంపెనీ లెక్క అయి ఉండాలి. మన దేశంలో 2016లో మొదలైన బోట్ మొదట ఆన్‌లైన్‌లోనే పెరిగి, తర్వాత కొట్లలోకి వచ్చింది.

బ్యాంకరు కన్నుతో చూస్తే వీటన్నిటికంటే ఆసక్తికరమైనది కార్ల వ్యాపారంలో జరిగింది. 2021 అక్టోబరులో మెర్సిడెస్ బెంజ్ మన దేశంలో పద్ధతి మార్చింది. కార్ల స్టాకు కంపెనీదే, బిల్లు కొనేవాడి పేరున కంపెనీయే ఇస్తుంది, దేశమంతా ఒకటే ధర. డీలరు షోరూము నడుపుతాడు, కారు చూపిస్తాడు, సర్వీసు చేస్తాడు, కమిషను తీసుకుంటాడు. ఇక్కడ డీలరు పోలేదు. అతని స్టాకు పోయింది, దానితోపాటు స్టాకు కోసం బ్యాంకులో తెచ్చుకునే అప్పు అవసరమూ తగ్గింది.

మన ఖాతాలో ఏం జరుగుతుంది

ఇప్పుడు ఇంటికి వద్దాం. మన ఖాతాదారు ఒకరున్నారు. పేరు చెప్పను, అంకెలు కూడా సులువైన లెక్కకు మార్చాను. తండ్రి రైల్వేలో రిటైరై, వచ్చిన డబ్బుతో పెట్టిన ఆడియో కొట్టు ఆయనది. అమ్మకంలో ఎక్కువ భాగం ఒకే బ్రాండు. ఇద్దరు కుర్రాళ్లు పనిచేసేవారు. మనకు పూచీకత్తుగా ఉన్నది ఆయన సొంత ఇల్లు.

కంపెనీ నుంచి ఆయనకు రెండు పేరాల మెయిలు వచ్చింది. ముప్పై రోజుల గడువు. ఆయన శాఖకు వచ్చి చెప్పిన మాట నాకింకా గుర్తుంది: "సార్, నా కొట్లో గంట కూర్చుని వింటున్నారు, నా ముందే ఫోను తీసి వాళ్ల దగ్గర ఆర్డరు పెడుతున్నారు. ఏసీ బిల్లు మాత్రం నాకొస్తోంది."

లెక్క చూడండి. స్టాకు 40 లక్షలు. 25 శాతం మార్జిను పోను డ్రాయింగ్ పవర్ 30 లక్షలు. ఆయన వాడుకున్నదీ దాదాపు అంతే. మెయిలు వచ్చాక అమ్మకం తగ్గింది. డెమోకు విప్పిన సెట్లు, పాత మోడళ్లు కలిపి 8 లక్షల సరుకు కదలకుండా పడి ఉంది. కదలని సరుకును మనం లెక్కలోకి తీసుకోం. మిగిలిన 32 లక్షల మీద డ్రాయింగ్ పవర్ 24 లక్షలు. అంటే ఆయన ఒక్క రూపాయి దారి మళ్లించకపోయినా, ఖాతా 6 లక్షలు పరిమితి దాటినట్టు చూపిస్తుంది. ఇది 90 రోజులు అలాగే ఉంటే మొండి బకాయి. ఎక్కడో ఉన్న కంపెనీ తీసుకున్న నిర్ణయం వల్ల మన ఊళ్లో ఒక ఇల్లు వేలానికి దగ్గరవుతుంది.

మన శాఖ చేసింది పెద్ద మాయేమీ కాదు. మొదటి నెలలోనే స్టాకు స్వయంగా లెక్కపెట్టాం. డీలరు ఒప్పందం తెప్పించి చదివాం. సరుకు వెనక్కి తీసుకోవాలన్న షరతు అందులో లేదు. అయినా కంపెనీకి ఉత్తరం రాయమని ఆయనకు చెప్పాం. విప్పని పెట్టెలు తీసుకున్నారు, డెమో సెట్లు తీసుకోలేదు. చిన్న, మధ్యతరహా సంస్థల ఇబ్బందులు తీర్చడానికి రిజర్వు బ్యాంకు 2016 మార్చిలో ఇచ్చిన విధివిధానాల దారిలో, పరిమితి దాటిన మొత్తాన్ని వాయిదాల అప్పుగా విడదీసి, నగదు పరపతి పరిమితిని తగ్గించాం. ఆయన గుళ్లకు, కల్యాణ మండపాలకు, బడులకు సౌండు సిస్టమ్‌లు బిగించే పని, మరమ్మతుల పని ముందుకు తెచ్చారు. బిగింపు పనికి స్టాకు అంతగా అక్కర్లేదు. కనుక పరిమితి తగ్గడాన్ని జబ్బు అనుకోకూడదు, వ్యాపారం తీరు మారిందని అర్థం చేసుకోవాలి. ఖాతా నిలబడింది. అయితే పనిచేసే ఇద్దరిలో ఒకరిని మానిపించక తప్పలేదు. ఆ సంగతి చెప్పకుండా దీన్ని విజయగాథ అనడం నాకిష్టం లేదు.

శాఖలకు కొన్ని సూచనలు

ఈ అనుభవం నుంచి ఆచరణకు పనికొచ్చేవి నాలుగు చెబుతాను.

ఒకటి, డీలరుకు అప్పిచ్చేటప్పుడు బ్యాలెన్సు షీటుతోపాటు డీలరు ఒప్పందం కూడా చదవండి. నోటీసు గడువు ఎంత, మిగిలిన సరుకు ఎవరిది, అదే ప్రాంతంలో కంపెనీ నేరుగా అమ్మవచ్చా అన్న మూడు ప్రశ్నలకు జవాబు ఫైలులో ఉండాలి.

రెండు, అమ్మకంలో ఒక్క బ్రాండు వాటా ఎంతో అడగండి. ఒకే స్తంభం మీద కట్టిన పందిరికి గాలివాన అక్కర్లేదు.

మూడు, స్టాకు స్టేట్‌మెంటును జీఎస్టీ రిటర్నులతో, ఖాతాలో పడే జమలతో నెలనెలా పోల్చండి. కొనుగోళ్లు ఆగి, స్టాకు అంకె కదలకపోతే కొట్టుకు వెళ్లండి. ఆ కంపెనీ వెబ్‌సైటులో ధర చూడటానికి రెండు నిమిషాలు చాలు.

నాలుగు, ఖాతా ఎస్‌ఎంఏ సున్నాలో ఉన్నప్పుడే మాట్లాడండి. 89వ రోజున చేసే ఫోనులో సలహాకు చోటుండదు, డిమాండు మాత్రమే ఉంటుంది.

మనమూ డీలర్లమే

చివరిగా, మన సంగతి. మ్యూచువల్ ఫండ్లు అమ్మేటప్పుడు మనం డీలర్లమే కదా. సెబీ ఆదేశంతో 2013 జనవరి 1 నుంచి ప్రతి ఫండుకూ డైరెక్ట్ ప్లాను వచ్చింది. కమిషను లేదు కనుక ఖర్చు తక్కువ. ఆ కొట్టు యజమానికి వచ్చిన మెయిలు లాంటిదే మనకు అప్పుడే వచ్చింది. తెలిసిన మదుపరులు చాలామంది నేరుగా వెళ్లారు. అయినా ఇవాళ్టికీ మన కౌంటరు దగ్గరకు వచ్చి అడిగేవాళ్లున్నారు. ఎందుకు? ఏది తమకు సరిపోతుందో చెప్పే మనిషి కావాలి. మార్కెట్ పడిన రోజున భయపడొద్దని చెప్పే గొంతు కావాలి.

అప్పులు, డిపాజిట్లు కూడా ఇప్పుడు ఫోనులోకి వెళ్తున్నాయి. మన బ్యాంకే తన ఖాతాదారులకు నేరుగా యాప్ ద్వారా అమ్ముతోంది. ఫారం నింపి ఇవ్వడమే శాఖ పనైతే ఆ పని యాప్ చేస్తుంది, మనకంటే వేగంగా చేస్తుంది. తోర్వా నుంచి వచ్చిన పెన్షనరు పెద్దాయన చెప్పేది కూర్చుని వినడం, వ్యాపార్ విహార్ వర్తకుడి స్టాకు కళ్లతో చూసి రావడం యాప్ చేయలేదు. డీలరు మార్జినులో సరుకు చేరవేసినందుకు వచ్చే భాగం పోతుంది. విన్నందుకు, చెప్పినందుకు, బాగుచేసినందుకు వచ్చే భాగం నిలుస్తుంది. కొట్టుకైనా శాఖకైనా ఇదే లెక్క వర్తిస్తుందని నేను అనుకుంటున్నాను.

 మీ శాఖల్లో ఇలాంటి ఖాతాలుంటే చెప్పండి, టీ తాగుతూ మాట్లాడుకుందాం. సెలవు.